నీటిలో ఊపిరి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను చిత్తూరు సీమలో పడమటి మండలాలని పిలుచుకుంటాం. ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని మెట్ట నేల ఇది. వానొస్తే చెరువు, చెరువు ఎండితే బావి, బావి ఎండితే బోరు. ఇలాంటి చోట ఈత గురించి, అందులోనూ ఈతలో ఊపిరి గురించి మాట్లాడటానికి బలమైన కారణమే ఉంది. మన నేలకు నీళ్లొస్తున్నాయి. శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా జలాలు హంద్రీ-నీవా కాలువల వెంట పడమటి మండలాలకు వచ్చి, 2025 ఆగస్టులో కుప్పం నియోజకవర్గానికి చేరాయి. ఏళ్ల తరబడి సర్కారు తుమ్మ తప్ప మరేమీ కనిపించని చెరువుల్లో నీళ్లు నిలిస్తే ఊరంతటికీ పండగే. పిల్లలకు మరీ పండగ. కానీ ఆ పిల్లల్లో చాలామందికి ఈత రాదు.

వాళ్ల తాతలకు వచ్చు. ఆ కాలంలో పల్లెపల్లెనా దిగుడు బావులుండేవి. వేసవి సెలవుల్లో నడుముకు బెండ్లు కట్టుకుని, అన్నో మామో పక్కన ఉండగా పిల్లలు ఈత నేర్చేవాళ్లు. బోర్లు లోతుకు పోయేకొద్దీ బావులు ఎండాయి. బావులతో పాటే ఈతా పోయింది. ఇప్పుడు నీళ్లు తిరిగొచ్చాయి గానీ, నేర్పే చేతులు తగ్గిపోయాయి. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇలా పోతున్నవాళ్లలో దాదాపు సగం మంది 29 ఏళ్లలోపు వాళ్లే. అందుకే ఐక్యరాజ్యసమితి ఏటా జూలై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది.

ఈత నేర్చుకోవడమంటే చేతులు బారలు చాపడం, కాళ్లు ఆడించడం అని చాలామంది అనుకుంటారు. అవి తర్వాతి సంగతి. ముందు నేర్చుకోవాల్సింది ఊపిరి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఊపిరి వదలడం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు మన శరీరం ఏం చేస్తుందో చూద్దాం. కుదురుగా కూర్చున్నప్పుడు ఒక్కసారి పీల్చే గాలి సుమారు అర లీటరు. ఛాతీ నిండా పీల్చి, చివరిదాకా ఊదేస్తే ఆరోగ్యవంతులైన మగవాళ్లలో నాలుగైదు లీటర్లు, ఆడవాళ్లలో మూడు నాలుగు లీటర్లు బయటికొస్తాయి. ఎంత ఊదినా ఇంకో లీటరుకు పైగా గాలి ఊపిరితిత్తుల్లో మిగిలే ఉంటుంది. ఈ రాకపోకలను నడిపించే ప్రధాన కండరం ఉదరవితానం. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉంటుంది. అది కిందికి దిగితే గాలి లోపలికొస్తుంది, పైకి లేస్తే బయటికి పోతుంది. పక్కటెముకల మధ్య కండరాలు దానికి సాయం చేస్తాయి.

నేల మీద ఇదంతా మన ప్రమేయం లేకుండానే సాగిపోతుంది. నీళ్లలో దిగగానే లెక్క మారుతుంది. మెడ దాకా నీళ్లలో నిలబడి చూడండి, రొమ్ము బిగించినట్టుంటుంది. నీరు ఛాతీని నలువైపులా నొక్కుతుంది. కాళ్లలో ఉన్న రక్తం కొంత పైకి ఎక్కి ఛాతీలో చేరి, ఊపిరితిత్తులకు చోటు తగ్గిస్తుంది. నేల మీద కంటే నీళ్లలో గాలి పీల్చడానికి కండరాలు ఎక్కువ పని చేయాల్సిందే. దీనికి తోడు చలి. మార్గశిర, పుష్య మాసాల్లో మన వైపు బావి నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే అప్రయత్నంగా పెద్ద గుక్క లోపలికి లాగుతాం. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే గాలికి బదులు నీళ్లే పోతాయి. అందుకే ముందు ముఖం, మెడ, రొమ్ము తడుపుకుని, మెట్టు మెట్టుగా దిగమని పెద్దలు చెప్పేది.

కొత్తగా ఈత నేర్చేవాళ్లను గమనించండి. నీళ్లలో తల పెట్టేముందు బుగ్గలు ఉబ్బేలా గాలి నింపుకుంటారు. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ దాన్ని బిగబట్టే ఉంచుతారు. తల పైకెత్తగానే ఆ అర క్షణంలోనే వదలాలి, పీల్చాలి. రెండూ కుదరవు. సగం వదిలి, సగం పీల్చి మళ్లీ మునుగుతారు. నాలుగు బారలు వేసేసరికి ఆయాసం. పదో బారకు ఉక్కిరిబిక్కిరి. నాకు దమ్ము చాలదండీ, నా ఊపిరితిత్తులు చిన్నవేమో అని నిరాశపడతారు.

దమ్ము చాలకపోవడం కాదు అది. వాడేసిన గాలి లోపలే ఉండిపోవడం. ఊపిరాడటం లేదన్న తపన మనకు ఎలా పుడుతుందో తెలుసుకుంటే ఈ చిక్కు విడిపోతుంది. ఆక్సిజన్ తగ్గిందని మెదడు ముందుగా కంగారు పడదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిందని ముందు కంగారు పడుతుంది. గాలి బిగబట్టినవాడి ఒంట్లో ఆక్సిజన్ ఇంకా చాలినంత ఉండగానే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, వెంటనే ఊపిరి తీసుకో అని మెదడు ఆదేశిస్తుంది. దానికి మందు ఇంకా ఎక్కువ పీల్చడం కాదు, పూర్తిగా వదలడం. పూర్తిగా వదిలినవాడికి పీల్చడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఖాళీ అయిన ఛాతీలోకి గాలి తనంతట తానే వస్తుంది.

మన ప్రాంతంలో ఈ విద్య తెలిసిన కళాకారులున్నారు. ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఉత్సవాలు జరిగే ఊళ్లలో అర్జున తపస్సు చూడనివాళ్లుండరు. ఎత్తయిన తపస్సు మాను ఎక్కుతూ, మెట్టు మెట్టుకూ ఆగి పద్యం పాడతాడు అర్జున వేషధారి. కింద ఉన్న జనానికి చివరి పాదం దాకా వినపడాలి, పైకి ఎక్కే బలమూ మిగలాలి. అతను గాలిని దాచుకోడు, కొలత ప్రకారం ఖర్చు పెడతాడు. పాదం పూర్తయ్యే సరికి ఊపిరి పూర్తి చేసి, విరుపు దగ్గర చటుక్కున గుక్క తిప్పుకుంటాడు. మంచి ఈతగాడు చేసేదీ సరిగ్గా ఇదే. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ సన్నగా, ఆగకుండా వదులుతూ పోతాడు. తల పక్కకు తిప్పగానే నోటితో ఒక్క గుక్క.

ఇక అభ్యాసం ఎలాగో చెబుతాను. కాగితం, కలం ఉంటే రాసుకోండి.

మొదటి పాఠం ఇంట్లోనే, చాప మీద. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చేయి రొమ్ము మీద, ఒక చేయి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో నెమ్మదిగా పీలిస్తే పొట్ట మీది చేయి లేవాలి, రొమ్ము మీది చేయి దాదాపు కదలకూడదు. పెదవులు సన్నగా చేసి, పీల్చిన దానికి రెట్టింపు సేపు వదలండి. పీల్చేటప్పుడు మూడు లెక్కపెడితే వదిలేటప్పుడు ఆరు. రోజూ పొద్దున పది నిమిషాలు చాలు. ప్రాణాయామం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. పూరకం (పీల్చడం) కంటే రేచకం (వదలడం) దీర్ఘంగా ఉండాలని వాళ్లకు గురువు మొదట్లోనే నేర్పి ఉంటాడు. ఈత కోసం ఈ దశలో కుంభకం, అంటే బిగబట్టడం, అవసరం లేదు.

రెండో పాఠం నీళ్లలో. రొమ్ము లోతు దాటని చోట, కాళ్లు నేలకు ఆనేలా నిలబడండి. గట్టునో మెట్టునో పట్టుకుని, నోటితో గాలి పీల్చి, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో మూలుగుతున్నట్టు శబ్దం చేస్తూ వదలండి. బుడగలు ఆగకుండా రావాలి. మూలుగుతున్నంతసేపూ గాలి బయటికే పోతుంటుంది కాబట్టి ముక్కులోకి నీళ్లు రావు. పిల్లలకు నీళ్లంటే ఉన్న భయం సగం ఇక్కడే పోతుంది. బుడగలు ఆగిపోయాక తల ఎత్తి, నోటితో పీల్చి, మళ్లీ పెట్టాలి. పది మునకలతో మొదలుపెట్టి, వారాల మీద యాభైకి పెంచండి. యాభయ్యో మునక దగ్గర కూడా మొదటి మునకలాగే తొణకకుండా ఉండగలిగితే, ఊపిరి మీకు లొంగినట్టే.

మూడో పాఠం తల తిప్పడం. చేతులు చాపి గట్టు పట్టుకుని, కాళ్లు ఆడిస్తూ నీటి మీద తేలండి. గాలి కోసం తల పైకెత్తకూడదు, పక్కకు తిప్పాలి. తల ఎత్తితే నడుము కుంగుతుంది, కాళ్లు మునుగుతాయి, ఒళ్లంతా బరువవుతుంది. ఒక కన్ను నీళ్లలో, ఒక కన్ను బయట ఉండేలా తిప్పితే నోరు నీటి అంచుకు పైన ఉంటుంది. అంత చాలు. మొదట్లో రెండు బారలకు ఒకసారి, ఒకే వైపు. కుదురుకున్నాక మూడు బారలకు ఒకసారి పీలిస్తే కుడి, ఎడమ రెండు వైపులా అలవాటవుతుంది.

నాలుగో పాఠం దమ్ము పెంచడం. 25 మీటర్ల కొలను ఉంటే ఒక పొడవు ఈది, అర నిమిషం ఆగి, మళ్లీ ఈదండి. ఇలా ఎనిమిది సార్లు. వారానికి మూడు రోజులు చేస్తూ, ఆగే సమయాన్ని కొద్దికొద్దిగా తగ్గించండి, ఈదే దూరాన్ని కొద్దికొద్దిగా పెంచండి. మూడు నెలలు క్రమం తప్పకపోతే తేడా మీకే తెలుస్తుంది. కొలను అందుబాటులో లేనివాళ్లు చెరువు కట్ట మీద వేగంగా నడిచినా, గుట్టెక్కి దిగినా గుండెకూ ఊపిరికీ అదే రకమైన బలం వస్తుంది. దాని మీద ఈత నేర్చుకోవడం సులువు.

ఇప్పుడు అసలైన హెచ్చరిక. పిల్లలూ, కుర్రవాళ్లూ, ఇది ముఖ్యంగా మీ కోసం.

భారతం చివరి రోజు దుర్యోధన వధ చూస్తాం. యుద్ధంలో అందరినీ పోగొట్టుకున్న సుయోధనుడు జలస్తంభన విద్యతో మడుగులో దాక్కున్నాడని కథ. ఆ కథ విని పెరిగిన పిల్లలు బావిలోనో చెరువులోనో మునిగి, ఎవరు ఎక్కువసేపు ఉంటారో పందెం వేసుకుంటారు. మునిగేముందు గబగబా పది పదిహేను సార్లు గాలి పీల్చి వదులుతారు. అలా చేస్తే ఎక్కువసేపు ఉండగలమని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఉండగలరు కూడా. కానీ ఎందుకు ఉండగలుగుతున్నారో వాళ్లకు తెలియదు. గబగబా పీల్చి వదలడం వల్ల రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా పడిపోతుంది. ఊపిరి తీసుకో అని ఆదేశించే కాపలాదారుణ్ణి మనమే నిద్రపుచ్చుతున్నామన్నమాట. అడుగున ఉన్నవాడికి తపన పుట్టకముందే ఆక్సిజన్ అయిపోతుంది. నొప్పి ఉండదు, కొట్టుకోవడం ఉండదు, కేక ఉండదు. ఉన్నట్టుండి స్పృహ తప్పుతుంది. గట్టు మీదివాళ్లు వాడు పందెం గెలుస్తున్నాడనే అనుకుంటారు. లోతు లేని నీళ్లలో కూడా ఇలా ప్రాణాలు పోతాయి. ఈత బాగా వచ్చినవాళ్లే దీనికి ఎక్కువగా బలవుతుంటారు, ఎందుకంటే అంతసేపు ఉండగలమన్న ధైర్యం వాళ్లకే ఉంటుంది.

పోటీ క్రీడలు కూడా ఈ విషయంలో కట్టుదిట్టం చేసుకున్నాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జపాన్ ఈతగాడు మసారు ఫురుకవా 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఎక్కువ దూరం నీటి అడుగునే ఈది బంగారు పతకం గెలిచాడు. ఆ తర్వాత నిబంధనలు మార్చి, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అలా అడుగున ఈదడాన్ని ఆపేశారు. నేడు ఫ్రీస్టయిల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై పోటీల్లో మొదట్లోనూ, ప్రతి మలుపు తర్వాతా 15 మీటర్లలోపే తల నీటిపైకి రావాలి. శిక్షకులు, వైద్యులు పక్కనుండే ఒలింపిక్ కొలనులోనే ఇన్ని హద్దులుంటే, ఎవరూ లేని మన బావి దగ్గర ఎంత జాగ్రత్త ఉండాలి? కాబట్టి మునిగే పందేలు వద్దు. గబగబా గాలి పీల్చి మునగడం అసలే వద్దు. ఒంటరిగా ఈత వద్దు.

ఇక చాలామంది అడిగే ప్రశ్న. ఊపిరితిత్తుల సామర్థ్యం పెంచుకోవచ్చా?

1846లో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ హచిన్‌సన్ స్పైరోమీటర్ అనే పరికరంతో రెండు వేల మందికి పైగా మనుషుల ఊపిరి కొలిచాడు. మనిషి ఎత్తు పెరిగేకొద్దీ ఛాతీలో పట్టే గాలి పెరుగుతుందని తేల్చాడు. అంటే ఊపిరితిత్తుల పరిమాణం చాలావరకు పుట్టుకతో, పెరుగుదలతో వచ్చేది. ఎదిగే వయసులో ఈత బాగా సాధన చేసినవాళ్లలో అది కొంత ఎక్కువగా కనిపిస్తుంది. పెద్దయ్యాక తిత్తుల్ని పెద్దవి చేసుకోలేం. కానీ ఊపిరి పీల్చే కండరాల బలాన్ని పెంచుకోగలం, గుండె ఒక్కో స్పందనకూ పంపే రక్తాన్ని పెంచుకోగలం, ఒంట్లో కండరాలు ఆక్సిజన్‌ను పొదుపుగా వాడేలా చేసుకోగలం. నీళ్లలో అనవసరంగా బిగుసుకుపోకుండా, ఒళ్లు వదులుగా ఉంచడం నేర్చుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. రెండు లీటర్ల గాలి ఎక్కువున్న బిగుసుకుపోయిన మనిషి కంటే, మామూలు ఛాతీతో నిదానంగా వదిలే మనిషి ఎక్కువ దూరం ఈదుతాడు.

మన ప్రాంతం ఎత్తు వల్ల దమ్ము తగ్గుతుందా అని కూడా అడుగుతారు. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనం సముద్ర తీరంలో కంటే సుమారు 8 శాతం తక్కువ. హార్స్‌లీ హిల్స్ మీద సుమారు 14 శాతం తక్కువ. ఆరోగ్యవంతులకు ఇది పెద్ద అడ్డంకి కాదు.

నిజానికి మన గాలికి ఊపిరితిత్తుల వైద్య చరిత్రలోనే చోటుంది. క్షయ రోగానికి మందు లేని రోజుల్లో, 1912లో, మదనపల్లెలో పలు మిషనరీ సంస్థలు కలిసి ఒక శానిటోరియం ప్రారంభించాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి సారథి. 1915లో అది ఊరి వెలుపలికి, ఇప్పటి ఆరోగ్యవరానికి మారింది. పొడి గాలి, విశ్రాంతి, మంచి తిండి, కోలుకునేకొద్దీ మెల్లమెల్లగా పెంచే నడక, ఇవీ ఆ కాలపు శానిటోరియాల వైద్యం. దక్షిణ భారతం నలుమూలల నుంచీ రోగులు ఊపిరి కోసం మన ఊరికి వచ్చారు. ఆ ఊరివాళ్లం మనం. మన ఊపిరిని మనమే పాడుచేసుకోవడం తగదు. బీడీ, సిగరెట్ తాగుతూ ఎన్ని మునకలు వేసినా లాభం లేదు. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లు రాతి దుమ్ము పీల్చకుండా సరైన మాస్కు కట్టుకోవాలి. వంటింట్లో కట్టెల పొగకు దారి ఉండాలి. రెండు వారాలు దాటి దగ్గు తగ్గకపోతే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు వైద్యుణ్ణి అడిగాకే నీళ్లలో దిగాలి. మూర్ఛ ఉన్నవాళ్ల పక్కన ఈత వచ్చిన పెద్దవాళ్లు ఎప్పుడూ ఉండాలి.

ఈ వయసులో నేర్చుకోగలమా అని సందేహించే తల్లులు, తండ్రులు గోలి శ్యామల గారి గురించి వినండి. మన తెలుగు మహిళ. నీళ్లంటే ఉన్న భయాన్ని జయించడానికి నలభై ఏళ్లు దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి దాకా, సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటారు. 2024 డిసెంబరు చివర్లో విశాఖపట్నంలో బయలుదేరి, రోజుకు ఇంత దూరమని ఈదుతూ, 2025 జనవరి మొదటి వారంలో కాకినాడ చేరారు. అది సుమారు 150 కిలోమీటర్లు. అన్ని గంటలు ఈదడం ఊపిరి బిగబట్టి సాధించేది కాదు. పీల్చిన ప్రతి గుక్కనూ తీరుగా వదిలి, మళ్లీ పీల్చి, వేల సార్లు అదే లయ తప్పకుండా నిలబెట్టుకుంటేనే సాధ్యం.

చివరగా, మన ఊళ్లలో చేయదగిన పనులు చెబుతాను. కాంక్రీటు వేసిన కాలువలో మాత్రం ఎవరూ ఈతకు దిగవద్దు. వాలు గోడలు పాచి పట్టి జారుతుంటాయి, పట్టు దొరకదు, ప్రవాహం లాగుతుంది. చెరువుల్లో మట్టి కోసం తవ్విన గుంతలు నీళ్లొచ్చాక కనపడవు. అలాంటి చోట్ల పంచాయతీ కర్రలు పాతి, హెచ్చరిక బోర్డులు పెట్టాలి. కట్ట మీద ఒక తాడు, గాలి నింపిన పాత ట్యూబు వేలాడదీసి ఉంచాలి. మునుగుతున్నవారి కోసం అనుభవం లేనివాళ్లు దూకకూడదు. తాడు గానీ, చీర గానీ, పొడవాటి కర్ర గానీ అందించాలి. బయటికి తీశాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం వద్దు. నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదడంతో మొదలుపెట్టి, ముప్ఫై సార్లు ఛాతీ నొక్కడం, రెండు సార్లు ఊదడం, 108 అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా చేయాలి.

వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక మనవి. కొలను లేకపోయినా మీరు పాఠం మొదలుపెట్టవచ్చు. చాప మీద పొట్టతో ఊపిరి తీసుకోవడం, తొట్టిలో ముఖం పెట్టి బుడగలు వదలడం, గబగబా పీల్చి మునిగితే ఏమవుతుందో చెప్పడం, ఈ మూడింటికీ ఖర్చు లేదు. ఊళ్లో ఈత వచ్చిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను పిలవండి. నిండిన చెరువు పక్కన పెరిగే ప్రతి బిడ్డకూ, ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా, చదువుతో పాటు ఈత రావాలి. అది తల్లిదండ్రుల బాధ్యత, బడి బాధ్యత, ఊరి బాధ్యత. ఈ వేసవిలోనే మొదలుపెట్టండి.